మ్రోతకు బెదరు మూగప్రాణులు

ఆశ్వయుజ బహుళ అమావాస్య సమీపించినంతనే బందరు కోనేరు సెంటరు మొదలుకొని గుడివాడ నెహ్రూ చౌకు వరకును, ఇటు అవనిగడ్డ, నాగాయలంక బజారుల వరకును బాణసంచా దుకాణములు వెలయుటయు, పిల్లలు పండుగకు పది దినములు ముందుగనే సీమటపాకాయలు ప్రేల్చుటకు తొందరపడుటయు, పెద్దలు వారిని మందలించుచునే తామును రెండు పెట్టెల లక్ష్మీబాంబులు కొనితెచ్చుటయు ఏటేట మన మెరిగిన వేడుకయే. ఆ వేడుకకు వెలుపల నిలిచి, దాని యర్థ మెరుగక, దాని మ్రోతను మాత్రము మనకంటె మిక్కుటముగ అనుభవించు ప్రాణులు మన యిండ్లలోనే, మనము పెట్టిన యన్నము తిని బ్రదుకుచున్నవి. ఆ రాత్రి అవి మంచముల క్రిందను, బియ్యపు బస్తాల సందులను, స్నానపుగదుల మూలలను దూరి, రొప్పుచు, చొంగ కార్చుచు, గజగజ వణకుచు గడుపును. కొన్ని గొలుసు త్రెంపుకొని, ప్రహరీ దూకి, దిక్కుతోచక పరుగెత్తి, మరునాటికి ఇల్లు చేరవు. గృహస్థు రెండు దినములు వీథులు వెదకును, దొరకినచో సంతోషించును, దొరకనిచో పిల్లల నూరడించి, కొన్నాళ్లకు మరియొక కుక్కపిల్లను తెచ్చుకొనును.

ఈ విషయమున మనవారిలో రెండు నమ్మకములు బలముగ నాటుకొని యున్నవి. భయపడు కుక్క పిరికిది, కాపలాకు పనికిరాదనునది మొదటిది. దానిని దగ్గరకు తీసి బుజ్జగించిన చెడిపోవును, పట్టించుకొనక వదలివేసినచో నాలుగేండ్లలో అదియే అలవాటుపడుననునది రెండవది. ఈ రెండును తప్పులే. శబ్దభీతి ప్రాణియొక్క దోషము కాదు. వదలివేసిన అది తగ్గదు సరికదా ఏటేట పెరుగును. దానికి చేయవలసిన చికిత్స దీపావళి రాత్రి ఆరంభమగునది కాదు, శ్రావణమాసమున ఆరంభింపవలసినది. ఈ మాటలు మన యిండ్లలోను, మన పురపాలక సంఘములలోను వినబడవలసిన కాలము వచ్చినదని నేను దృఢముగ నమ్ముచున్నాను.

చెవి సంగతి ముందు చెప్పుకొందము. మనుష్యుడు వినగల ధ్వనులు సెకనుకు 20 వేల కంపనములతో ఆగిపోవును. కుక్క 45 వేల వరకును, పిల్లి 64 వేల వరకును, మన పెరటిలోని యావు సుమారు 35 వేల వరకును వినగలవు. మనకు నిశ్శబ్దమని తోచు వేళయందు సైతము వాని చెవులకు నిశ్శబ్దము లేదు. తారాజువ్వ పైకెగయునప్పుడు మనము దాని రవ్వలను చూతుము. కుక్క ఆ సన్నని కూతను, దాని వెనుక రానున్న ప్రేలుడును చెవితోనే తెలిసికొనును.

ఇక కొలతల మాట. బాణసంచా ప్రేలుడు 4 మీటర్ల దూరమున 125 డెసిబెల్లకు మించరాదని కేంద్రప్రభుత్వము 1999లో నిబంధన చేసినది. దూరము రెట్టింపైనప్పుడెల్ల శబ్దము సుమారు 6 డెసిబెల్లు తగ్గునను లెక్క ననుసరించి చూచిన, ఆ నిబంధనకు సంపూర్ణముగ లోబడిన బాంబు సైతము 128 మీటర్ల కవతల, ఆరుబయట, సుమారు 95 డెసిబెల్ల ధ్వని నిచ్చును. నివాసప్రాంతములలో రాత్రివేళ 45 డెసిబెల్లు దాటరాదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు విధించుచున్నవి. ఒకటి క్షణికమైన ప్రేలుడునకు, రెండవది సగటు ధ్వనికి సంబంధించిన కొలతలైనను, వాని నడుమనున్న యగాధమును గుర్తించుటకు శాస్త్రపాండిత్య మక్కరలేదు. మన డెల్టాలో కొండలేదు, గుట్టలేదు. వరిచేలు, కాలువలు, చెరువులు తప్ప ధ్వనికి అడ్డుపడునది లేదు. పైగా శరత్కాలపు రాత్రులలో నేలను అంటియున్న గాలి చల్లబడి, పైగాలి వెచ్చగ నుండుటచే, ధ్వని ఆకాశమునకు పోక నేలవైపునకు వంగి బహుదూరము ప్రయాణించును. పొరుగూరి మ్రోత పెరటిలోనిదివలె వినవచ్చుట ఇందువలననే. కుక్కకు ఆ మ్రోత ఎచ్చటినుండి వచ్చునో తెలియదు, ఎప్పుడు ఆగునో తెలియదు, ఎటు పరుగెత్తిన తప్పునో అసలే తెలియదు.

ధ్వనికి వెరచుట యన నేమో ఈ సీమవారికి ఒకరు చెప్పవలసిన పనిలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన యుప్పెన సుమారు 30 వేల ప్రాణములను బలిగొన్నది. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడినది సుమారు 10 వేల మంది మనుష్యులను, అంతకు ఎన్నో రెట్లు పశువులను తీసికొనిపోయినది. ఆ తరమున మిగిలిన పెద్దలలో కొందరు నేటికిని కార్తికమాసమున గాలిహోరు పెరిగిన రాత్రి కన్నుమూయరు. వార్తలు వినుచు, తలుపుల గడియలు సరిచూచుకొనుచు తెల్లవార్చుదురు. వారిని పిరికివారని ఎవ్వరును అనరు. ఒకనాడు చెవి ద్వారా హృదయమునకు చేరిన భయము, ఆ చెవికి ఆ ధ్వని మరల సోకినప్పుడెల్ల మేల్కొనునని మనకు తెలియును. మూగప్రాణి హృదయమును ఆ విధముగనే పనిచేయును. పటాసుకు బెదరిన కుక్క పిమ్మట ఉరుమునకు బెదరును, ఉరుమునకు బెదరినది క్రమముగ వానగాలికే బెదరును, చివరకు తలుపు చప్పుడునకును ఉలికిపడును. మనకు దీపావళియు తుపానుల కాలమును ఒకే ఋతువున తగులుకొని వచ్చుటచే ఈ సీమలోని ప్రాణులకు ఊపిరి తీసికొను వ్యవధియైనను ఉండదు.

మరి అలవాటుపడుట యనునది లేదా యని అడుగుదురు. ఉన్నది. సంక్రాంతి దినములలో మన వాకిట నిలుచు గంగిరెద్దునే చూడుడు: చెవికి జానెడు దూరమున సన్నాయి మ్రోగుచుండును, డోలు ధ్వనించుచుండును, పిల్లలు కేకలు వేయుచుందురు, ఇంటింటను క్రొత్త మనుష్యులు తాకుచుందురు, అయినను అది తల ఊపుచు, అడుగు తప్పక నిలుచును. అది ధైర్యముతో పుట్టినది కాదు. లేతప్రాయము నుండియు ఆ వాద్యముల నడుమ, తన నాడించువాని మాటను, చేతి స్పర్శను, చేతి మేతను ఎరుగుచు పెరిగినది. ఆ మ్రోత వెనుక కీడు లేదనియు, మేత గలదనియు దినదినమును తెలిసికొన్నది. ముకుత్రాడు వంటి కఠినసాధనములు ఆ వృత్తిలో లేవని నేను చెప్పను. అది వేరు చర్చ. కాని క్రమక్రమముగ, ప్రియమైనదానితో ముడిపెట్టి, భయమును పుట్టకముందే నివారింపవచ్చునను రహస్యము మన పల్లెలకు ఏనాడో తెలిసియుండెను. ఏడాది కొకరాత్రి, హెచ్చరిక లేక, నలుదిక్కుల నుండి, గుండెలదరునట్లు కురియు బాంబుల వలన కలుగునది అలవాటు కాదు, గాయముపై గాయము.

ఫిన్లండు దేశమున 13,700 పెంపుడుకుక్కలను గూర్చి యజమానుల నడిగి 2020లో ప్రకటించిన పరిశోధనలో, ఆందోళనకు సంబంధించిన లక్షణములన్నిటిలోను శబ్దభీతియే మొదటిస్థానమున నిలిచినది. నూటికి 32 కుక్కలలో అది కనబడెను. బాణసంచాకు ప్రత్యేకముగ బెదరునవి నూటికి 26. మన దేశమున వీథివీథిని ప్రేలుళ్లు చాల యెక్కువ గనుక, ఇచ్చట ఆ సంఖ్య తక్కువగ నుండునని నాకు తోచదు.

చికిత్సాక్రమము కష్టమైనది కాదు. ఓర్పు మాత్రము కావలెను. దీపావళికి రెండు మూడు నెలలు ముందుగ, ఇల్లు ప్రశాంతముగ నున్నవేళ, టపాకాయల మ్రోతను ఫోనులో వినిపింపవలెను — కుక్క చెవి కొంచెము కదలినదా లేదా యనునంత మెల్లగ. మ్రోత వినబడిన మరుక్షణమే దానికి మిక్కిలి ఇష్టమైన ముద్ద పెట్టవలెను: ఉప్పుకారములు లేక ఉడికించిన కోడిమాంసమో, కాలేయపు ముక్కయో, గ్రుడ్డో. మ్రోత ముందు, ముద్ద వెనుక. ఈ వరుస తారుమారైనచో తిండిని చూచినంతనే భయపడుట నేర్చును. దినమునకు ఐదు నిమిషములు చాలును. అది నిశ్చింతగ తినుచు, మ్రోత వినినంతనే మీ చేతివంక ఆశగ చూచుట ఆరంభించిన పిమ్మటనే ధ్వనిని ఒక మెట్టు పెంచవలెను. తినుట మానినను, తోక ముడిచినను, మూతి నాకుకొనుచు ముఖము త్రిప్పుకొనినను, మనము తొందరపడితిమని యెరిగి రెండు మెట్లు క్రిందికి దిగవలెను. క్రొత్తగ కుక్కపిల్లను తెచ్చుకొన్నవారికి ఈ పని ఇంకను సులభము. పుట్టిన 3వ వారము మొదలు 12, 14 వారముల వరకు దాని మనస్సు లోకమును స్వీకరించు వయస్సు. ఆ దినములలో మిక్సీ మ్రోతయు, కుక్కరు కూతయు, దూరపు మేళమును, ట్రాక్టరు చప్పుడును మెల్లమెల్లగ, ముద్దలతో కలిపి పరిచయము చేసినచో జీవితమంతయు మేలు కలుగును.

అసలు ప్రేలుళ్లు వినబడుచున్న వేళ సైతము ఇదే సూత్రము పనిచేయును. ప్రతి ప్రేలుడునకును వెనువెంటనే ఒక ముద్దయో, ఒక ఆటయో ఇచ్చినవారిలో నూటికి 70 మందికి మించి తమ కుక్కలకు మేలు కనబడినదని చెప్పినట్లు స్విట్జర్లండులోని బెర్న్ విశ్వవిద్యాలయము నుండి 2020లో వెలువడిన పరిశీలన తెలుపుచున్నది. బుజ్జగించిన చెడిపోవునను నమ్మకమునకు ఇంతకంటె స్పష్టమైన సమాధానము నేను చూడలేదు. భయము కుక్క వేయు వేషము కాదు, బహుమానమునకు ఆశపడి పెంచుకొనుటకు. మీ ఒడిలో తల పెట్టుకొన వచ్చినచో పెట్టుకొననిండు, వీపు నిమురుడు, మెల్లగ మాటలాడుడు. మంచము క్రింద దాగినచో దాగనిండు, బయటకు లాగవలదు, ధైర్యము నేర్పెదమని వీథిలోనికి ఈడ్చుకొనిపోవుట కేవలము క్రూరకృత్యము.

పండుగ రాత్రికి చేయవలసిన సన్నాహము ప్రతి గృహిణికిని సాధ్యమైనదే. సాయంసంధ్యకు ముందే కుక్కను బయట త్రిప్పి, కడుపునిండ పెట్టి, చీకటిపడక మునుపే లోపలకు చేర్చవలెను. మన ప్రాంతమున చాలమంది కుక్కను వాకిట రేకుల పంచ క్రింద గొలుసుతో కట్టివేయుదురు. రేకులు మ్రోతను ప్రతిధ్వనింపజేయును, గొలుసు పరుగెత్తనీయదు, పారిపోవ యత్నించి మెడకు ఉరి బిగించుకొనును. ఆ యొక్క రాత్రి దానిని ఇంటి నడిమి గదిలో, కిటికీలు మూసి, దుప్పట్లు తెరలుగ వ్రేలాడగట్టి, ఫ్యానో కూలరో పెద్దగ త్రిప్పి, టీవీయో పాటలో పెట్టి, దాని పాత గుడ్డ, నీళ్ల గిన్నె దగ్గరనుంచి ఉండనిండు. ఇంటివారిలో ఒకరు దాని చెంత నుండుట అన్నిటికంటె గొప్ప మందు. మెడపట్టీపై ఫోను నంబరు వ్రాయించుట మరువరాదు. తలుపు తెరచిన ఒక్క క్షణములో ప్రమాదము జరుగును. ఆనాడు ప్రతి యింటను మిఠాయి పళ్లెములు తిరుగుచుండును. బందరు లడ్డు మనకెంత ప్రీతిపాత్రమైనను కుక్కకు పెట్టరాదు, ఏ లడ్డులోనైన ఎండుద్రాక్ష యున్నచో అది కుక్క మూత్రపిండములకు విషమై ప్రాణము తీయవచ్చును. పిల్లుల సంగతి వేరుగ చెప్పవలసినది తక్కువ: ఎత్తైన చోట ఒక అట్టపెట్టె, లేదా అటకపై ఒక చాటు, మూసిన తలుపు, ఒంటరితనము, అవి మన ఓదార్పుకంటె వీనినే కోరును.

భయము మితిమీరినప్పుడు, అనగా గోడలు గీకుచు, గోళ్లనుండి నెత్తురు కారుచున్నను ఆగనప్పుడు, మందు తప్పదు. మందునకు సిగ్గుపడవలదు. ఐతే అది పండుగ దినమున దుకాణమునకు పరుగెత్తి తెచ్చునది కాదు. నెల ముందుగనే పశువైద్యుని చూపి, మోతాదు నిర్ణయించుకొని, ఒకసారి ప్రశాంతదినమున ఇచ్చి చూడవలసినది. ఎసిప్రోమజీను వంటి పాత మత్తుమందులు శరీరమును కదలనీయక పడవేయునే కాని లోపలి భయమును తగ్గింపవు. బయటకు నిద్రవలె కనబడు ఆ స్థితిలో ప్రాణి వినుచునే, వెరచుచునే యుండును. నేడు భయమును తగ్గించు మేలైన మందులు గలవు. వైద్యునితో ఈ మాట విడిగ అడిగి తెలిసికొనుడు. మనము వేసికొను మాత్రలను తుంచి వేయుట మహాపరాధము. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లిని చంపగలదు. గన్నవరమున ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల యున్న జిల్లా మనది. సలహాకు బహుదూరము పోవలసిన అవస్థ మనకు లేదు.

పాడి చేసికొను రైతులు, ఇదంతయు కుక్కలను ముద్దుచేయు పట్టణవాసుల గొడవ యనుకొనవచ్చును. వారికొక పాత ప్రయోగము చెప్పవలెను. అమెరికాలో ఈలీ, పీటర్సన్ అను శాస్త్రజ్ఞులు 1941లో ప్రకటించిన పరిశోధనలో, పాలు పిండు సమయమున ఆవుల నడుమ కాగితపు సంచులను ఊది ప్రేల్చి భయపెట్టగా అవి పాలు చేపుట మానివేసినవి. భయపడిన ప్రాణి దేహమున ఊరు అడ్రినలిన్, పాలను పొదుగునుండి దింపు ఆక్సిటోసిన్ పనిని అడ్డగించును. కాగితపు సంచి చప్పుడునకే అట్లయినచో, పాక ప్రక్కన వేయి టపాకాయల దండ కాల్చిన మరునాడు గేదె చేపలేదని దూడను కొట్టుటలోను, గేదెకు దిష్టి తీయుటలోను అర్థమేమున్నది? గుడివాడలో ఎడ్ల పోటీలకు వేలమంది చేరి బండలాగుడు చూచి మెచ్చు మనము, ఆ ఎడ్లకును చెవులున్నవని ఏడాదిలో ఒక్కరాత్రి తలంపలేమా?

పండుగ మానుమని నేను చెప్పుటలేదు. దీపావళి దీపముల పండుగ. మతాబులు, చిచ్చుబుడ్లు, కాకరపువ్వొత్తులు, భూచక్రములు వెలుగు నిచ్చును గాని గుండె లదరజేయవు. మన పల్లెలలో పిల్లలు గోగుకాడలకు నూనెవత్తులు చుట్టి వెలిగించి దిగదుడుచు ఆచారము నేటికిని గలదు. తాటిపూల బొగ్గు నూరి, గుడ్డలో పొట్లము కట్టి, తాటిమట్ట నడుమ బిగించి, నిప్పు తగిలించి గిరగిర త్రిప్పగా బంగారురవ్వలు వలయములై రాలు వేడుకను చూచినవారు, అందమునకు శబ్ద మక్కరలేదని నాతో ఒప్పుకొందురు. పది రూపాయల ఖర్చు లేని ఆ వేడుకను మన పాఠశాలలలో పిల్లలకు మరల నేర్పవలెనని నా కోరిక.

చట్టము లేక కాదు. రాత్రి 10 మొదలు ఉదయము 6 వరకు బాణసంచా ప్రేల్చరాదని సుప్రీంకోర్టు 2005లోనే తీర్పు చెప్పినది. 2018 అక్టోబరు 23న దీపావళినాడు రాత్రి 8 మొదలు 10 వరకు మాత్రమే కాల్చవలెననియు, టపాకాయల దండలు తయారుచేసి అమ్మరాదనియు ఆజ్ఞాపించినది. ఆ రెండు గంటలను అందరును పాటించిన నాడు, కుక్కను ఒక గదిలో ఉంచి ప్రక్కన కూర్చుండుట ప్రతి కుటుంబమునకును సాధ్యము. పది దినములు, వేళాపాళా లేక, తెల్లవారుజామున ఒకటి, మధ్యాహ్నమున రెండు ప్రేల్చునప్పుడు ఎవ్వరికిని సాధ్యము కాదు. ప్రాణిని అధికముగ క్రుంగదీయునది ఈ అనిశ్చితియే. వినాయక నిమజ్జనపు డీజేలకును, ఎన్నికల విజయోత్సవముల బాంబులకును, పెండ్లి ఊరేగింపులకును ఇదియే మాట. గుడివాడ నుండి కైకలూరు వరకును చేపల చెరువుల గట్లపై కొంగలను, నీటికాకులను తోలుటకు ప్రేల్చు టపాకాయల మాట వేరు. అచ్చట రైతు జీవనము ముడిపడియున్నది. అయినను చెరువుపై వల పరచుట, తీగలు కట్టుట వంటి మార్గములు గలవు. ఆ గట్లపైననే కాపలాకుక్కలు కట్టుబడి యున్నవని ఆ రైతు సోదరులు ఒక్కసారి చూడవలెను.

యజమాని లేని వీథికుక్కలకు నడిమి గది ఎచ్చటినుండి వచ్చును? వానికి ఊరే ఇల్లు. బందరు నగరపాలక సంస్థయు, గుడివాడ పురపాలక సంఘమును, దివిసీమ పంచాయతీలును బాంబులు కాల్చుకొనుటకు ఇండ్లకు ఎడముగ ఒక మైదానమును, ఒక వేళను నిర్ణయించి, పండుగకు వారము ముందుగ ఆటోపై మైకుతో చాటించినచో, ఆ రాత్రి మిగిలిన వీథులు కొంతవరకైన వానికి నిలువనీడ యగును. జంతుహింసా నివారణ చట్టము 1960లో వచ్చినది; రాజ్యసభలో అందుకై పట్టుదలతో పోరాడినది నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్. తోకకు టపాకాయలు కట్టి వీథికుక్కను తరుము పిల్లలను చూచి నవ్వు పెద్దలకు, అది ఆ చట్టము క్రింద శిక్షార్హమైన నేరమని పోలీసువారు చెప్పవలెను. చెప్పి ఊరకుండక, ఫిర్యాదు వచ్చినప్పుడు వ్రాసికొనవలెను.

మిగిలినది శ్రావణమాసపు పనికి ముందుగ చేయవలసిన సన్నాహము. ఏటేట జూలై 6న, జంతువులనుండి మనుష్యులకు సోకు వ్యాధుల దినము సందర్భముగ, ప్రభుత్వ పశువుల ఆసుపత్రులలో కుక్కలకు ఉచితముగ రేబిస్ టీకాలు వేయుదురు. ఆనాడు కుక్కలను పట్టుకొని పెద్దలును, పిల్లలును బారులుతీరి నిలుచుందురు. దీపావళికి అది మూడు నెలలకు పైబడిన ముందు. టీకా వేయు వైద్యుడే ప్రతి యజమానిని, మీ కుక్క మ్రోతకు బెదరునా యని ఒక్క ప్రశ్న అడిగి, బెదరునన్నవారికి ఆ మెల్లని మ్రోత, ఆ వెనుక ముద్ద, ఆ మెట్ల క్రమము ఐదు నిమిషములు చేసి చూపి, అవసరమైనవారిని భాద్రపదమున మరల రమ్మని చీటీ వ్రాసి ఇచ్చుటకు పశుసంవర్ధక శాఖకు అదనపు వ్యయ మేమియు లేదు. వచ్చు జూలైలోనే బందరు, గుడివాడ, అవనిగడ్డ ఆసుపత్రులలో దీని నారంభింపవలెనని జిల్లా అధికారులను కోరుచున్నాను.